టికెట్ డబ్బులు పిల్లల దగ్గర వసూలు చేయకండి

మొన్న ఆదివారం మా కింద ఫ్లాట్ అమ్మాయి ఫోన్ పట్టుకుని పైకొచ్చింది. సంక్రాంతి సెలవుల్లో సింగపూర్ వెళ్తున్నారట, ఆమె, వాళ్లాయన, నాలుగేళ్ల బాబు. "అక్కా, యూనివర్సల్ స్టూడియోస్‌కి ఒక్కరోజే పెట్టుకున్నాం. ఏదీ మిస్సవకుండా ప్లాన్ వేశాను, ఒకసారి చూసి చెప్పండి" అని ఫోన్ నా చేతిలో పెట్టింది. ఎక్సెల్ షీట్. పొద్దున్నుంచి రాత్రి దాకా పదిహేడు వరసలు. ఒక్కో రైడ్‌కి లైన్లో ఎంతసేపు, రైడ్ ఎంతసేపు, దిగాక తర్వాతదానికి నడక ఎంతసేపు, అన్నీ నిమిషాల్లో. భోజనానికి ఇరవై ఐదు నిమిషాలు. బాత్రూమ్‌కి రెండుసార్లు, ఒక్కోసారికి ఐదు నిమిషాలు.

ఎన్ని రాత్రులు కూర్చుని చేసిందో పాపం. కానీ పదిహేడు వరసల్లో బాబు ఎక్కడా లేడు. వాడెప్పుడు పడుకుంటాడు, ఎప్పుడు మారాం చేస్తాడు, దేని దగ్గర ఆగిపోతాడు, ఏమీ లేదు. చదువుతుంటే నాకు గుండె బరువెక్కింది. రెండేళ్ల కిందట అచ్చం ఇలాంటి ప్లానే మా ఆయన వేశారు. దాన్ని దగ్గరుండి అమలు చేసింది నేను.

నిద్ర లేపిన సంగతి

అప్పుడు మా పాపకి నాలుగేళ్లు నిండి నెల. దసరా సెలవులు. వైజాగ్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం. ఐదేళ్లలోపు పిల్లలకి రైల్లో టికెట్ ఉండదు, విడిగా బెర్తూ ఉండదు కాబట్టి నా పక్కనే ఇరుక్కుని పడుకుంది. అంటే ఇద్దరికీ సరైన నిద్ర లేదు. హైదరాబాద్‌లో మా అన్నయ్య వాళ్లింట్లో స్నానాలు చేసి, రెండేసి ఇడ్లీలు తిని, అన్నయ్య కొడుకుని కూడా తీసుకుని బయల్దేరాం. వాడికి పదకొండేళ్లు. పదకొండయ్యేసరికి ఊరి శివార్లలోని పార్కు గేటు దగ్గరున్నాం. పార్కు పేరు అనవసరం, ఆ రోజు జరిగినదాంట్లో తప్పు మాదే.

మొదటి పెద్ద రైడ్ దగ్గర ఎత్తు కొలిచే బోర్డు ఉంది. పాప తనంతట తనే చెప్పులు విప్పేసింది. బోర్డుకి వీపు ఆనించి, మడమలు ఎత్తి, మెడ సాగదీసి, ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆ గీత అందుకోవాలని తనకి ఎవరు చెప్పారో తెలీదు. అక్కడి కుర్రాడు మెల్లగా "పాదాలు కింద పెట్టమ్మా" అన్నాడు. పెట్టింది. తలకీ గీతకీ మధ్య నాలుగు వేళ్ల ఎడం. బావ ఎక్కాడు, తను ఎక్కకూడదు. "నువ్వింకా చిన్నదానివి కదా నాన్నా" అన్నాను. ఆ మాటతో ఏ పిల్లయినా ఊరుకుంటుందా? అక్కణ్నుంచి కదలనంది. చెప్పులు చేత్తో పట్టుకునే నడిచింది చాలాసేపు.

తర్వాత ఒక పచ్చిక దగ్గర తనంతట తనే ఆగింది. గడ్డికి నీళ్లు కొట్టే స్ప్రింక్లర్, గుండ్రంగా తిరిగేది. నీళ్లు ఇటు తిరిగేసరికి కిలకిలా నవ్వుతూ వెనక్కి పరుగు, అటు తిరగగానే మళ్లీ దగ్గరికి. పొద్దున్నుంచి అదే మొదటిసారి పాప నవ్వడం. నేను ఐదు నిమిషాలు చూసి చెయ్యి పట్టుకుని లాగాను. "ఇలాంటివి మన బీచ్ రోడ్డు పార్కుల్లోనూ ఉంటాయమ్మా, దీనికోసం ఇంత దూరం వచ్చామా?" అన్నాను.

ఒంటిగంటన్నరకి మా ఆయన భుజం మీద నిద్రపోయింది. ఇంట్లో రోజూ పడుకునే టైం అదే. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయింది. సరిగ్గా అప్పుడే వేవ్ పూల్ మొదలవుతోందని మైకులో చెప్పారు. "ఇంకా సగం కూడా చూడలేదు, అంత డబ్బు పెట్టాం" అన్నారు మా ఆయన. నా మనసులోనూ అదే ఉంది. బాటిల్లోంచి చేతిలోకి నీళ్లు వంపుకుని పాప మొహం మీద చల్లాను.

ఉలిక్కిపడి లేచింది. ఆ తర్వాత మూడు గంటలు ఏడుస్తూనే ఉంది. నీళ్లలో దింపితే వణికింది, పెదాలు నీలంగా అయిపోయాయి. బట్టలు మార్చి ఐస్‌క్రీమ్ కొనిస్తే ముట్టుకోలేదు. "ఇంటికెళ్దాం" అంది. మామయ్య ఇంటికి కాదట, వైజాగ్‌లో మనింటికట. మేం ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం. మా మేనల్లుడు పాపం ఎటు చూడాలో తెలియక దూరంగా ఒక బెంచీ మీద కూర్చున్నాడు.

గేటు దాటాక డబ్బు తిరిగి రాదు

ఆ రోజు మమ్మల్ని నడిపించింది ఒక్కటే లెక్క. మనిషికి ఇంత పడింది, అందులో ఎన్ని రైడ్లు ఎక్కితే అంత గిట్టుబాటు. పెద్దవాళ్లకి ఈ లెక్క నప్పుతుందేమో. నాలుగేళ్ల పిల్ల దగ్గర నప్పదు. ఐదు రైడ్లు ఎక్కినా పదిహేను ఎక్కినా గేటు దగ్గర కట్టిన డబ్బు వెనక్కి రాదు. రాబట్టాలని కూర్చుంటే దాన్ని కట్టేది పిల్లే, తన నిద్రతో, కాళ్లతో, ఏడుపుతో. ఇది నేను గట్టిగా నమ్ముతున్న మాట, అందుకే ఇంత పెద్ద పోస్టు రాస్తున్నాను.

మా ఆయన దీనికి ఒక మాట అంటారు, అది కొట్టిపారేసేది కాదు. "తిరుమలలో కంపార్ట్‌మెంట్లో గంటలు గంటలు కూర్చోబెడతాం కదా, అప్పుడు లేని జాలి ఇప్పుడెందుకు? పిల్లలు కొంచెం కష్టానికి అలవాటు పడాలి." చాలా రోజులు నాకు సమాధానం దొరకలేదు. నిజమే, మా పాప కూడా కంపార్ట్‌మెంట్లో కూర్చుంది. అక్కడ చిన్నపిల్లలు ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. పక్కవాళ్ల పిల్లలతో ఆడుకుంటారు. పాలు వస్తే తాగుతారు. నిద్రొస్తే ఒళ్లో పడుకుంటారు, ఎవరూ లేపరు. దర్శనం దగ్గర ఒక్క క్షణం లేపి "దణ్ణం పెట్టుకో" అంటాం, మళ్లీ భుజం మీద వాలిపోతారు. ఎంతసేపు ఎదురుచూసినా అక్కడ పిల్లని సంతోషంగా ఉండమని ఎవరూ అడగరు. పార్కులో అదే అడుగుతాం. "ఇంత ఖర్చు పెట్టి తీసుకొస్తే ఏడుస్తావేంటి?" ఆ మాట నేను ఆ రోజు రెండుసార్లు అన్నాను.

నిద్ర సంగతి తేలిగ్గా తీసేసేది కాదు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తారు. ముందు రాత్రి రైల్లో మూడు గంటలు పోయాయి. మధ్యాహ్నం నేను ఇంకో గంటన్నర లాగేసుకున్నాను.

తలుపు మీద పెన్సిల్ గీత

కింద ఫ్లాట్ బాబుని ఆ రోజే మా గుమ్మం దగ్గర నిలబెట్టి కొలిచాం. మడమలు గోడకి ఆనించి, తల మీద పుస్తకం అడ్డంగా పెట్టి, తలుపు చట్రం మీద పెన్సిల్‌తో గీత గీశాం. 99 సెంటీమీటర్లు.

షీట్‌లో అతి పెద్ద వరస ట్రాన్స్‌ఫార్మర్స్ రైడ్. సింగపూర్ యూనివర్సల్‌లో దానికి పెద్దవాళ్లు తోడున్నా కనీసం 102 సెంటీమీటర్లు ఉండాలి. జురాసిక్ పార్క్ నీళ్ల రైడ్‌కి 107. మమ్మీ రైడ్‌కైతే 122. "జనవరికి పెరుగుతాడులే అక్కా" అంది. ఈ వయసు పిల్లలు ఏడాదికి ఆరేడు సెంటీమీటర్లు పెరుగుతారు. మూడు నెలల్లో మహా అయితే రెండు. 101 దగ్గర ఆగిపోతాడు. ఒక్క సెంటీమీటరే కదా అని అక్కడ ఎవరూ వదలరు, వదలకూడదు కూడా. సీటు మీద బిగించే కడ్డీ ఆ ఎత్తు ఒంటికి సరిపోయేలా చేసినది. చిన్న ఒళ్లయితే దాని కిందనుంచి జారిపోతుంది. మా పాపని ఆపిన కుర్రాడి మీద ఆ రోజు నాకు లోపల కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే అతనికి రుణపడి ఉన్నాననిపిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల్లో నాలుగేళ్ల పిల్లల సగటు ఎత్తు 103 సెంటీమీటర్లకి అటూ ఇటూ, ఐదేళ్లకి 110కి దగ్గర. 122 అందుకునేది ఏడేళ్లు దాటాకే. ఇంకో సంగతి, సింగపూర్ యూనివర్సల్‌లో నాలుగేళ్లు నిండితే పిల్లల టికెట్ కొనాలి. అంటే నాలుగేళ్ల వాడికి టికెట్ పడుతుంది, పెద్ద రైడ్లేమో పడవు. ఇంటర్నెట్ మొదటి పేజీలోనే ఉండే ఈ అంకెలు చూడకుండా మనం హోటల్, విమానం, వీసా అన్నీ చేసేస్తాం. పిల్లని కొలిచేది చిట్టచివర, ఆ బోర్డు దగ్గర, నలుగురి ముందు. ఇంట్లో ముందే కొలిస్తే, "ఇవి నీవి, అవి నువ్వు పెద్దయ్యాక" అని నెల రోజుల ముందునుంచీ చెప్పుకుంటూ రావచ్చు.

అయితే అసలు వెళ్లొద్దా?

మా అత్తయ్యగారిది విజయనగరం వైపు. హైదరాబాద్ ప్రయాణానికి ముందే ఆవిడ అన్నారు: "గుంటకి ఇంకా ఊహే తెలీదు, అంత దూరం ఏటికి? కైలాసగిరి మీద రైలెక్కించండి, చాలు." అప్పుడు నాకు నచ్చలేదు. ఆ ప్రయాణం తర్వాత ఆవిడదే రైటేమో అనిపించింది. ఇప్పుడు మళ్లీ పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను.

ఊహ తెలియడం గురించి ఆవిడ చెప్పినదానికి ఆధారం ఉంది. పెద్దయ్యాక మనకి గుర్తుండే తొలి జ్ఞాపకాలు చాలామందికి మూడు, మూడున్నరేళ్ల వయసు నుంచి మొదలవుతాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు అంటారు, అవీ ముక్కలు ముక్కలుగానే. మొన్న మా పాపని అడిగాను, హైదరాబాద్ పార్కు గుర్తుందా అని. ఇప్పుడు తనకి ఆరేళ్లు. "గుండ్రంగా తిరిగే నీళ్లు" అంది. స్ప్రింక్లర్! నేను చెయ్యి పట్టుకుని లాగేసిన చోటు. ఇంకేమైనా అంటే, రైల్లో పై బెర్తు మీద నాన్న పడుకుంటే కాళ్లు కనబడ్డాయంది. వేవ్ పూల్ గుర్తు లేదు, నేను నీళ్లు చల్లింది గుర్తు లేదు. నాకు గుర్తుంది.

గుర్తుండదు కాబట్టి వద్దు అనే మాట నాకు అక్కడే పొసగదు. గుర్తుండదని పిల్లలకి జోల పాడటం మానేస్తామా? బొమ్మ వేషం కట్టుకుని వచ్చిన మనిషిని నిజం ఎలుగుబంటే అనుకుని చెయ్యి కలిపేది నాలుగేళ్ల పిల్ల. ఎనిమిదేళ్లకి ఆ నమ్మకం ఉండదు. ఆ మొహం చూడాలనుకోవడం తల్లిదండ్రులకి తప్పేమీ కాదు. వెళ్లండి. రోజంతా సంతోషపడాల్సిన బాధ్యత మాత్రం పిల్ల మీద పెట్టకండి.

నన్ను ఇంకా ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటుంది. "నీకేం, మళ్లీ వెళ్లగలవు. మాకు జీవితంలో ఒక్కసారి" అంటారు కొందరు. మా వీధి చివర గాజువాకలో కాంట్రాక్టు పని చేసే ఒకాయన ఉన్నారు. రెండు రోజులు సెలవు పెడితే రెండు రోజుల కూలి పోతుంది. ఆయన కుటుంబంతో ఒక్కసారి పార్కుకి వెళ్తే అన్నీ చూడాలనుకోవడంలో ఆశ ఉంది, అత్యాశ లేదు. సగం రోజుకే బయటికి వచ్చేయండి అని ఆయనకి చెప్పడానికి నాకు నోరు రాదు. అలాంటి వాళ్లకి నేను చెప్పగలిగేది ఒక్కటే: వెళ్లేది ఒక్కసారే అయితే, పిల్ల 122 సెంటీమీటర్లు అందుకునేదాకా ఆగండి. ఏడేళ్లు దాటితే తను నడవగలదు, పగలు నిద్రపోదు, గీత అందుతుంది, గుర్తూ ఉంటుంది. ఆ మూడేళ్లలో డబ్బూ కొంచెం పోగవుతుంది. ఇంట్లో పెద్ద పిల్లలు అడుగుతుంటే మాత్రం ఆగడం కుదరదు. అప్పుడు పెద్దవాళ్లు ఇద్దరుగా విడిపోవాల్సిందే. డిస్నీ, యూనివర్సల్ పార్కుల్లో ఒకరు చిన్నపిల్ల దగ్గర ఉండి, రెండోవాళ్లు రైడ్ ముగించుకుని వచ్చాక మళ్లీ లైన్లో నిలబడకుండా ఎక్కే పద్ధతి ఉంది. గేటు దగ్గరే అడిగి తెలుసుకోవచ్చు. మా మేనల్లుణ్ని ఆ రోజు బెంచీ మీద అలా కూర్చోబెట్టాల్సిన అవసరమే లేదు.

బెంచీ అంటే గుర్తొచ్చింది. లాస్ ఏంజిల్స్‌లోని గ్రిఫిత్ పార్కులో తన కూతుళ్లిద్దరూ రంగులరాట్నం ఎక్కితే తాను బెంచీ మీద కూర్చుని చూస్తుండేవాడినని, పిల్లలూ పెద్దలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన అక్కడే వచ్చిందని వాల్ట్ డిస్నీ చెప్పుకునేవాడు. 1955 జులై 17న డిస్నీలాండ్ తెరిచాడు. మనం అంత దూరం వెళ్లి, పిల్లలతో కలిసి ఉండటం మర్చిపోయి టైం టేబుల్ చూసుకుంటాం.

ముందు జూలో చూసుకోండి

కింద ఫ్లాట్ వాళ్లకి నేను చెప్పిన మొదటి పని సింగపూర్‌కి సంబంధించింది కానే కాదు. ఒక ఆదివారం బాబుని మన జూకి తీసుకెళ్లమన్నాను. 1977లో తెరిచిన మన జూ 625 ఎకరాలు, కంబాలకొండ పక్కన. ఎండ, చెమట, నడక, జనం, తినుబండారాల బళ్లు, ఎంత చూసినా తరగని దూరం, పార్కులో ఉండేవన్నీ ఇక్కడే ఉన్నాయి. బ్యాటరీ బండి ఎక్కొద్దు, వాడెంతసేపు నడుస్తాడో గడియారం చూసి రాసుకో అన్నాను. ఇంకో సాయంత్రం బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ చూపించమన్నాను. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి, 2002లో మ్యూజియం అయింది కదా. పొడవు 91 మీటర్లే, లోపల చూడ్డానికి అరగంట చాలు. మా పాప అందులో టార్పెడోల వైపు కన్నెత్తి చూడలేదు. గదికీ గదికీ మధ్య గుండ్రటి కంతల్లోంచి కాలెత్తి దాటడమే తనకి ఆట. దాటడం, వెనక్కి వచ్చి మళ్లీ దాటడం. వెనక జనం ఆగిపోతున్నారని మేం కంగారుపడ్డాం. పిల్లలకి ఏది నచ్చుతుందో మనం ముందుగా రాసి పెట్టలేమని నాకు అక్కడ తెలిసింది.

జూ నుంచి వాళ్లు ఇచ్చిన రిపోర్టు: రెండు గంటల నలభై నిమిషాలు. ఆ తర్వాత ఎత్తుకోమన్నాడు, మంచినీళ్ల కుళాయి దగ్గర కూర్చుని లేవనన్నాడు, కారెక్కిన మరుక్షణం నిద్ర.

అప్పుడు కూర్చుని షీట్ మళ్లీ రాశాం. సింగపూర్ టైం మనకన్నా రెండున్నర గంటలు ముందు. మన ఒంటిగంటన్నర అక్కడ నాలుగు. పొద్దున ఏడుకి లేచే బాబుకి అక్కడ తెల్లారేది తొమ్మిదిన్నరకి. కొత్త ఊరని ఒంట్లో గడియారం ఒక్కరోజులో మారదు, దాంతో గొడవ పెట్టుకోవడం దండగ. పదిన్నరకి పార్కులోకి, మూడున్నరకి బయటికి. విమానం రాత్రిది, నాలుగు గంటలైనా పడుతుంది, దాని మీద ఈ రెండున్నర గంటలు పోతాయి. అందుకే దిగిన రోజు పార్కు పెట్టుకోలేదు. జనవరిలో అక్కడ వానలు. ఉరుములూ మెరుపులూ ఉంటే బయటి రైడ్లు ఆపేస్తారు కాబట్టి టికెట్ రోజుకి పక్కన ఇంకో రోజు ఖాళీగా ఉంచుకున్నారు. స్ట్రోలర్ అద్దెకి తీసుకోమన్నాను. "నాలుగేళ్ల వాడికి బండేంటక్కా, అందరూ నవ్వుతారు" అంది. అక్కడ మనల్ని ఎవరూ చూడరు, వాడు అందులో పడుకుంటాడు, మీ ఇద్దరి నడుములూ బాగుంటాయి అన్నాను. దీనికి వాళ్లాయన వెంటనే ఒప్పుకున్నాడు.

పదిహేడు వరసల్లో నాలుగు మిగిలాయి. ట్రాన్స్‌ఫార్మర్స్ కొట్టేసేటప్పుడు ఆమె చెయ్యి ఆగింది. "ఇంత దూరం వెళ్లి..." అని సగంలో ఆపింది. ఆ బాధ నాకు తెలుసు, నేనేమీ అనలేదు. కాసేపయ్యాక తనే కొట్టేసి, నువ్వూ మీ ఆయనా చెరోసారి ఎక్కి రండి అని నేను ముందే చెప్పింది పక్కన రాసుకుంది.

నిన్న సాయంత్రం బాబు పరిగెత్తుకుంటూ మా ఇంటికొచ్చి, మా పాపని పిలిచి, గుమ్మం దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డాడు. పాప వాడి తల మీద తన తెలుగు వాచకం పెట్టి గీత గీసింది. పాత గీత మీదే పడింది. "పాదాలు ఎత్తకు" అని పాపే వాడికి చెప్తోంది. ఆ తర్వాత ఇద్దరూ గీత సంగతి మర్చిపోయి, తలుపు చాటున దాక్కుని ఒకరినొకరు భయపెట్టుకుంటూ అన్నం వేళ దాకా ఆడుకున్నారు.